కోయ డోలు – కంప్యూటరు దరువు

ఇంటివద్దనే పాటను ముద్రించుకొనేందుకు తగిన సాఫ్ట్‌వేరును ఎంచుకోవడం ధరకూ, సౌలభ్యానికీ సంబంధించిన విషయంగానే సాధారణంగా పరిగణింపబడుతున్నది. కాని అటువంటి ప్రతి పరికరంలోనూ దానిని రూపొందించినవారి సంగీత సంస్కారం ముందుగానే ఇమిడి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాకు చెందిన జగర్గుండా ప్రాంతపు డోలును ఎదుట నిలిపి చూస్తే ఈ సంగతి స్పష్టపడుతుంది.

గోండీ, కోయ, దోర్లా మాటలు వినిపించే దక్షిణ బస్తరుకు గోదావరి తీరంలోని భద్రాచలం ప్రాంతంతో భాషాపరంగానూ, బంధుత్వపరంగానూ సంబంధం కలదు. కొమ్ముల తలపాగా ధరించి, మెడకు పెద్ద డోలు తగిలించుకొని పురుషులు చేసే నృత్యం ఈ రెండు ప్రాంతాలకూ పరిచితమే. బస్తరు మాడియాల జీవితాన్ని గ్రిగ్సన్ 1938లో గ్రంథస్థం చేశారు. 2005 తరువాత సల్వాజుడుం కాలపు హింస కారణంగా అనేక కుటుంబాలు అడవి దాటి నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సరిహద్దు మండలాలకు చేరుకొన్నాయి. వారినే ఇక్కడ గుత్తికోయలంటున్నారు. ఊరు చెదిరినప్పుడు డోలు నేర్పే పద్ధతి కూడా చెదురుతుంది. ఈనాడు కోయ, గోండీ పాటలు కీబోర్డు స్వరాలతో, ప్రోగ్రామ్ చేసిన దరువులతో యూట్యూబులో వెలువడుతున్నాయి. వాటిలో భాష నిలిచింది. డోలు మాత్రం పలుచోట్ల మరుగున పడింది.

ఇందుకు కారణాన్ని యువకుల అభిరుచిలో మాత్రమే వెదకడం న్యాయం కాదు. 1991లో రూపొందిన జనరల్ మిడి ప్రమాణం తాళవాద్యాలకు 47 ధ్వనులను కేటాయించింది. అందులో బోంగో, కాంగా, మరకాస్ వంటి లాటిన్ అమెరికా వాద్యాలకు చోటు లభించింది. మృదంగానికి గాని, తబలాకు గాని, డోలుకు గాని లభించలేదు. స్వరవాద్యాల పట్టికలో సితారు, షెహనాయి చేరినప్పటికీ అడవి వాద్యాలేవీ చేరలేదు. పట్టికలో లేని ధ్వని కొత్తగా పాట కట్టేవాని చేతికి సులభంగా అందదు.

రెండవ చిక్కు కాలగణనకు సంబంధించినది. డ్రమ్ యంత్రాల కాలం నుండి 16 గడుల వరుస ఒక అలవాటుగా స్థిరపడింది. వాయించిన దెబ్బను సమీపపు గడికి జరిపే సదుపాయం ఇంచుమించు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉన్నది. నర్తకుల అడుగు వేగాన్ని బట్టి డోలు కొంత ముందుకో వెనుకకో జరగడం దోషం కాదు. అది నృత్యానికి ప్రాణం. యంత్రం దానిని పొరపాటుగా ఎంచి సరిదిద్దుతుంది. 1982లో చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను డిస్కో లయతో జోడించి వెలువరించిన రికార్డులో రాగం తన రూపాన్ని నిలుపుకొన్నది, తాళం మాత్రం యంత్రానిదే అయినది. ఆ ప్రయోగం ఆయన ఉద్దేశించినదే గనుక అది సాహసం. తెలియకుండా జరిగినప్పుడు అదే నష్టమవుతుంది.

కావున ఎంపికకు ప్రమాణం సాఫ్ట్‌వేరు ఎన్ని ధ్వనులను ఇస్తుందన్నది కాదు. బయటి ధ్వనిని ఎంత తేలికగా స్వీకరిస్తుందన్నది, చేతి దెబ్బను ఎంత తక్కువగా సవరిస్తుందన్నది. ఈ దృష్టితో చూస్తే ఉచితంగా లభించే హైడ్రోజన్ అనే డ్రమ్ సాఫ్ట్‌వేరు ప్రశంసనీయం. డోలు నడిమి దెబ్బను, అంచు దెబ్బను, మెల్లని దెబ్బను, గట్టి దెబ్బను విడివిడిగా ముద్రించి అందులో సొంత వాద్యంగా కూర్చుకోవచ్చు. గడుల పట్టును తొలగించే వీలు కూడా అందులో కలదు. ఎల్ఎంఎంఎస్ సింథసైజరు స్వరాలకు అనుకూలమే గాని, దాని 1.2 కూర్పులో గొంతును నేరుగా ముద్రించే వసతి లేదు. అందుకు ఆడాసిటీ వంటి మరొకటి అవసరమవుతుంది. రీపర్ స్వల్ప పరిమాణం గలది, అన్నింటినీ ఒకేచోట సమకూర్చగలదు. అయితే పరీక్షాకాలం 60 రోజులే, పిదప రుసుము చెల్లించాలి. ఎఫ్ఎల్ స్టూడియో దరువు కట్టడంలో అత్యంత సులభమైనది. కాని దాని పరీక్షా కూర్పులో భద్రపరచిన పనిని కొనకుండా తిరిగి తెరవడం సాధ్యం కాదు. అంతర్జాలం నిలకడగా అందని పల్లెలకు, ఒకమారు తెచ్చుకొంటే ఎప్పటికీ పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్లే శ్రేయస్కరం.

అయినప్పటికీ ముద్రించిన దెబ్బలు డోలు కావు. కంచుమేళం, కోయడోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు, 2024లో కన్నుమూశారు. ఆయన కంఠంలో సమ్మక్క–సారలమ్మల కథ, డోలు దరువు వేర్వేరు కావు. అటువంటి కళాకారుని దగ్గర ఇరవై దెబ్బలు ముద్రించుకొన్నంత మాత్రాన కథను నడిపే దరువు చేతికి రాదు. పైగా ఆ ధ్వనులపై హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా ఉదయిస్తుంది. వాయించినవాని అనుమతి, పేరు, ముద్రణ ప్రతి అతని ఊరిలోనే నిలవడం – ఇవి మర్యాదకు కనీస నియమాలు.

సాంస్కృతిక శాఖలు గిరిజన యువతకు కంప్యూటర్లు, శిక్షణ సమకూర్చే సందర్భాలలో ఏ సాఫ్ట్‌వేరును వాటిలో ఉంచుతున్నారన్నది కొనుగోలు విభాగానికి మాత్రమే వదలదగిన విషయం కాదు. శిక్షణ గదిలో కంప్యూటరు పక్కనే ఒక డోలు, దానిని వాయించగల ఒక పెద్ద ఉండాలి. నర్తకుని అడుగును డోలు అనుసరించినంత కాలం అది నృత్యం. గడులను అడుగు అనుసరించడం మొదలైన నాడు అది కవాతు.