చుక్క ఒక్కసారే పడాలి

పత్రికలో అచ్చయిన నలుపు తెలుపు ఫొటోను భూతద్దం కింద పెడితే బూడిద రంగు ఎక్కడా కనబడదు. నల్ల చుక్కలు, కాగితపు తెలుపు, అంతే. చుక్క లావైన చోట ముదురు, సన్నబడిన చోట లేత. కలిపి చూసుకునే పని కంటిది. న్యూస్‌ప్రింట్‌కు అంగుళానికి 85 వరసల చుక్కలు సరిపోతాయి, నున్నటి కాగితానికి 150 దాకా వెళ్తారు. తెర మీద, కొద్ది రంగుల చుక్కలతోనే మధ్య ఛాయలు చూపే డిథరింగ్ చేసేదీ ఇదే మాయ. కాకపోతే అక్కడ చుక్క సైజు మారదు, ఎన్ని చుక్కలు ఎలా చల్లాలన్నదే మారుతుంది. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ ప్రకటించిన పద్ధతి నా దృష్టిలో డిథరింగ్ పద్ధతులన్నిటిలో అందమైనది. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, 100 విలువున్న పిక్సెల్‌ను నలుపు చేసేస్తుంది. కొట్టేసిన ఆ 100ను మాత్రం పారేయదు. పదహారు వాటాలు వేసి కుడి పక్కదానికి 7, కింది వరసలో ఎడమ నుంచి 3, 5, 1 చొప్పున అప్పగిస్తుంది. అంటే కుడి పిక్సెల్‌కు దాదాపు 44 అదనంగా చేరి, అది తెలుపువైపు మొగ్గుతుంది.

ఇంత లెక్కా ఒక నిర్దిష్టమైన తెర కోసం, ఒక నిర్దిష్టమైన సైజులో కట్టింది. అందుకే చుక్కలు వేయడం చిట్టచివరి పనిగా, ఒక్కసారే జరగాలంటాను. 256 రంగులకు మించలేక, మిగతా ఛాయల్ని డిథర్ చుక్కలతో చూపే జిఫ్ ఫైల్లోని వినాయకుడిని నెట్‌లోంచి దించి శుభలేఖ మీదికి ఎక్కిస్తే, ప్రెస్సు ఆ చుక్కల్ని బొమ్మలోని వివరాలే అనుకుని వాటి మీద మళ్లీ తన చుక్కలు వేస్తుంది. రెండు అల్లికలూ ఢీకొని అలల్లాంటి చారలు తేలతాయి. నింద మాత్రం ప్రెస్సు మీద పడుతుంది.

తెర మీద బాగానే ఉంది కదా అంటారు. 1200 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ, అంగుళానికి 300 చొప్పున అచ్చుకు 4 అంగుళాలే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో పెంచితే? అది ఉన్న చుక్కల్నే బొద్దుగా చేస్తుంది, లేని ఛాయను ఊహించి పూస్తుంది. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: డిథరింగ్ వెబ్‌కు మేలు చేస్తుంది కదా అని. నిజమే. 2018లో సౌర విద్యుత్తుతో నడిచే సైట్ తెరిచిన లో-టెక్ మ్యాగజైన్, ఫొటోలను డిథర్ చేసి ఫైళ్ల బరువు తగ్గించింది. గళ్లలా పడే చుక్కలు అదే అమరికలో మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి పీఎన్‌జీలో బాగా కుదించుకుపోతాయి. దాన్ని నేను కాదనను. తెరకు ఆ కాపీ పంపండి, మూలాన్ని అచ్చు కోసం దాచండి.

ఆ గరుకుదనమే నచ్చి నలుపు తెలుపుల డిథర్ బొమ్మను అలాగే అచ్చు వేయాలనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు దారి ఉంది. రెండింతలో మూడింతలో, పూర్ణసంఖ్యలోనే, అంచులు మెత్తబడకుండా పెంచి, బూడిద ఛాయలు లేని ఒక బిట్ టిఫ్‌గా పంపాలి. నిండు నలుపు మీద ప్రెస్సు తన చుక్కలు వేయదు. మధ్యలో ఎవరైనా దాన్ని వాట్సాప్‌లో ఫొటోగా పంపారంటే మాత్రం జేపీజీ దెబ్బకు ప్రతి చుక్క చుట్టూ బూడిద నుసి చేరుతుంది. ప్రెస్సు ఆ నుసిని కూడా బుద్ధిగా చుక్కలు చేసి పెడుతుంది.