ఆరితేరిన సాంకేతికత, మారిన కాలం: వండర్‌స్వాన్ రూపకల్పన చరిత్రపై ఒక పరిశీలన

చేతిలో ఇమిడే వీడియోగేమ్ యంత్రాల చరిత్రలో బందాయ్ సంస్థ వారి వండర్‌స్వాన్ ప్రస్తావన తరచుగా విషాదకథగానే సాగుతుంది. నింటెండోలో గేమ్‌బాయ్ రూపకల్పనకు సారథ్యం వహించిన గున్‌పెయ్ యొకోయ్ 1996లో ఆ సంస్థను వీడి, కోటో అనే చిన్న సంస్థను స్థాపించాడు. వండర్‌స్వాన్ రూపకల్పనలో పాలుపంచుకొని, అది వెలువడకముందే 1997 అక్టోబరులో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. 1999 మార్చిలో జపాన్ విపణిలోకి వచ్చిన యంత్రం ఉత్పత్తి 2003లో ఆగిపోయింది. రూపశిల్పి మరణాన్నీ యంత్రం ఓటమినీ ముడివేసి చెప్పడం సులభం. అయితే ఆ ముడి యంత్రం వెనుకనున్న ఆలోచనను మరుగుపరుస్తుంది.

యొకోయ్ రూపకల్పనకు మూలం 'కరేతా గిజుత్సు' అనే భావన. దీనిని 'ఎండిపోయిన సాంకేతికత' అని అనువదించడం పరిపాటి. కాని ఆ జపనీస్ విశేషణానికి వాడిపోవడమే కాక, వాడుకలో లోపాలు తొలగి నిలకడ పొందడం అనే అర్థమూ ఉంది. తెలుగులో 'ఆరితేరిన' అన్న మాట దానికి చేరువ. చవకైన, నమ్మకమైన పాత భాగాలను కొత్త ప్రయోజనానికి మళ్లించడమే ఇందులోని కిటుకు. రంగుల్లేని తెర, 4,800 యెన్‌ల ధర, ఒకే ఒక్క పెన్సిల్ సెల్‌తో 30 గంటల ఆట వండర్‌స్వాన్‌లో దీనికి నిదర్శనాలు. యంత్రాన్ని అడ్డంగానూ నిలువుగానూ పట్టుకొని ఆడవచ్చు. యొకోయ్ పేరిటే వెలువడిన 'గున్‌పెయ్' నిలువు తెరపై ఆడే ఆట. గీతల ముక్కలను జరుపుతూ ఒక అంచు నుంచి మరో అంచుకు కలపాలి. దానికి రంగుల అవసరమే లేదు. ఆయనకు పేరు కన్నా ఈ పొందికే తగిన నివాళి.

లోపం భావనలో లేదు, కాలంలో ఉంది. 1989లో గేమ్‌బాయ్ రంగులను వదులుకోవడం వివేకంతో చేసిన ఎంపిక. రంగుల తెరలతో పోటీకి దిగిన లింక్స్, గేమ్‌గేర్ ఆరేసి సెల్‌లను కొద్ది గంటల్లోనే ఖాళీ చేసేవి. కాని 1998 అక్టోబరులో వచ్చిన గేమ్‌బాయ్ కలర్ రెండు సెల్‌లతోనే రంగులు చూపింది. అంటే రంగుల తెర కూడా అప్పటికే ఆరితేరింది! ఐదు నెలల తర్వాత వచ్చిన వండర్‌స్వాన్‌లో రంగులు లేకపోవడం పొదుపుగా కాక లేమిగా కనిపించింది. యొకోయ్ సూత్రాన్ని ఆయన సూత్రంతోనే కొలిస్తే తేలేది ఇదే.

2000 డిసెంబరులో 'ఫైనల్ ఫాంటసీ' అండతో వచ్చిన వండర్‌స్వాన్ కలర్ ఈ లోటు తీర్చబోయింది. 2001 మార్చిలోనే గేమ్‌బాయ్ అడ్వాన్స్ వచ్చిపడింది. 2002లో స్వాన్‌క్రిస్టల్ తెరను మెరుగుపరిచింది. మూడు నమూనాలలోనూ మారనిది ఆ ఒక్క పెన్సిల్ సెల్.