కడిగితే పోయే మసేనా?

డీజిల్ బండి పొగలోని మసిని పట్టే పార్టిక్యులేట్ ఫిల్టరు మూసుకుపోతే ఇంట్లోనే విప్పి, నీటిధారతో కడిగేయమన్న సలహా మీరూ వినే ఉంటారు. ఖర్చు తక్కువే. కాని ఈ సలహాకు మసికీ, బూడిదకీ తేడా తెలియదు. తేనెపట్టు వంటి పింగాణీ గదుల్లో చిక్కే మసి ప్రధానంగా కర్బనం. సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిపోతుంది. ఇంజన్ ఆయిల్‌లోని కాల్షియం, జింకుల నుంచి వచ్చే బూడిద కాలదు. గట్టి నీటిధార దాన్ని మరింత లోపలికి నెట్టవచ్చు.

మరి ఆ నల్లనీరు ఎటు పోతుంది? డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. ఆ పొగలోని మసినే పెరట్లో పారబోస్తామా?

ఎప్పుడూ తక్కువ దూరాలే తిరగడం, ఇంజెక్టరు లోపం వంటి అసలు కారణాలు మిగిలిపోతే ఫిల్టరు మళ్ళీ మూసుకుపోతుంది. శుభ్రపడిందో లేదో చెప్పవలసింది కన్ను కాదు. ఫిల్టరుకు ముందూ వెనుకా కొలిచిన పీడనాల తేడా.