సందేహం తెలిస్తేనే సామగ్రి దొరుకుతుంది

విద్యుత్ పాఠం చెప్పే టీచర్లందరికీ ఒక జవాబు కొట్టినపిండి. బ్యాటరీ, బల్బు, రెండు వైర్లు కలిపి వలయం పూర్తిచేయగానే బల్బు వెలుగుతుంది. బల్బు దాటిన తర్వాత వైరులో కరెంటు ఎంత ఉంటుందని అడగండి. "తగ్గిపోతుంది సార్, బల్బు వాడేసుకుంది కదా" అంటారు. ఓమ్ నియమాన్ని తడుముకోకుండా చెప్పేవాళ్లు, లెక్కలన్నీ సరిగ్గా చేసేవాళ్లు కూడా అదే అంటారు. ఆ నమ్మకం కదలకపోతే ఆ తర్వాత చెప్పే శ్రేణి, సమాంతర సంధానాలు కంఠస్థం చేయాల్సిన సూత్రాలుగానే మిగిలిపోతాయి.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాఠ్యసామగ్రి కోసం నా వెతుకులాట ఎప్పుడూ ఇలాంటి ఒక జవాబుతోనే మొదలవుతుంది. ఊరికే "విద్యుత్ పాఠం" అని కొడితే వీడియోలు, పీపీటీలు, నోట్సులు, బిట్ బ్యాంకులు కుప్పలుగా వచ్చి పడతాయి. వాటిలో మంచీచెడూ తేల్చడానికి ఒక సాయంత్రం చాలదు. బల్బుకు ముందూ తర్వాతా కరెంటు ఒకటేనని పిల్లలు తామే కనిపెట్టేలా చేసేది కావాలి అని ముందే అనుకుని కూర్చుంటే, పనికిరానివాటిని చూసీ చూడగానే పక్కన పెట్టేయగలం.

ఈ సందేహానికి నేను వాడేది ఫెట్ సిమ్యులేషన్. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఇందులో పిల్లలే తెర మీద వలయం కట్టొచ్చు. ఎలక్ట్రాన్లు నీలి చుక్కల్లా వైరు వెంట కదులుతుంటాయి. బల్బుకు అటొకటి, ఇటొకటి అమ్మీటర్లు పెడితే రెండూ ఒకే విలువ చూపిస్తాయి. వోల్టేజీ పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి. చుక్కలు బల్బులోకి వెళ్లినన్నీ బయటికి వస్తున్నాయని గమనించిన పిల్లలు, మరి బల్బు తీసుకుంటున్నదేమిటని అడుగుతారు. శక్తి గురించి మాట్లాడటానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

అయితే సిమ్యులేషన్ తెరిచి చూపించినంత మాత్రాన పాఠం అయిపోదు. ముందుగా ప్రతి ఒక్కరి చేతా తమ ఊహను నోట్‌బుక్‌లో రాయిస్తాను. రాసుకున్న ఊహ తప్పని తేలినప్పుడే ఆశ్చర్యం పుడుతుంది, గుర్తుండేది ఆ ఆశ్చర్యమే. తెర మీద చూశాక ల్యాబ్‌లోని అమ్మీటర్లతో అదే వలయం కట్టిస్తాను. బడి మీటర్లు రెండూ అచ్చంగా ఒకే విలువ చూపించకపోవచ్చు. "చూశారా సార్, తగ్గింది" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు మీటర్ల స్థానాలు తారుమారు చేయమంటాను. తేడా మీటరు వెంటే వెళ్లిందంటే లోపం పరికరానిది, కరెంటుది కాదు. సిమ్యులేషన్‌లో ఈ పాఠం ఉండదు, ఎందుకంటే అందులోని మీటర్లకు లోపం లేదు. తెరకు చేయగల పని తెరకు, చేతికి చేయగల పని చేతికి అప్పగించడమే టీచరు నేర్పు.

నెట్ సరిగ్గా రాని బడి అయినా దిగులుపడక్కర్లేదు. ఈ సిమ్యులేషన్ ఫైలును ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే నెట్ లేకపోయినా ల్యాప్‌టాప్‌లో, తరగతిలోని ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) మీద నడుస్తుంది. క్లాసుకు వెళ్లే ముందే అవసరమైనవి దించుకోవడం, వీడియో అయితే మనకు కావలసిన ముక్క ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకో లెసన్ ప్లాన్‌లో రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. సుదీర్ఘమైన వీడియోను మొత్తం నడిపిస్తే పిల్లలు చూస్తూ కూర్చుంటారు. మూడు నిమిషాలు నడిపి, ఆపి, ఇప్పుడేం జరుగుతుందని అడిగితే ఆలోచిస్తారు.

ఏ సందేహానికి ఎక్కడికి వెళ్లాలో కూడా మెల్లగా తెలిసొస్తుంది. పాఠ్యపుస్తకంలోని అధ్యాయానికే సరిపోయేది కావాలంటే 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వేదిక దీక్ష ఉంది. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నేరుగా ఆ పాఠం దగ్గరికే వెళ్తాం. చేత్తో చేసి చూపించేది కావాలంటే అరవింద్ గుప్తా సైట్. అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వు ట్యూబుతో, పారేసిన సామానుతో సైన్సు బొమ్మలు చేయించడం ఆయన జీవితకాల కృషి. తెలుగు పుస్తకాలు కూడా అక్కడ చదువుకోవచ్చు. కంప్యూటర్ నేర్పాలంటే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్. లిబ్రె ఆఫీస్ లాంటి సాఫ్ట్‌వేర్లను తెలుగు మాటలతో, చిన్న చిన్న వీడియోలుగా నేర్పుతుంది. ఒక పక్క వీడియో నడుస్తుంటే మరో పక్క విద్యార్థి అదే పని చేస్తూ పోవాలన్నది వాళ్ల పద్ధతి.

ఇక చిన్న తరగతుల్లో చదవడం రాని పిల్లల కోసం ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్. కథలు నాలుగు స్థాయుల్లో ఉంటాయి. నాలుగో తరగతి పిల్లవాడు మొదటి స్థాయి కథ దగ్గరే ఆగిపోతే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కథ నచ్చి వాక్యాలు బరువనిపిస్తే, వాటిని తేలిక చేసి కొత్త రూపం తయారు చేసుకోవచ్చు. ఇంట్లో కోయ, గోండి మాట్లాడే పిల్లలున్న బడిలో టీచరు ఊరి పెద్దలతో కూర్చుని అదే కథను వాళ్ల భాషలోకి తెచ్చుకోవచ్చు. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఆ అనుమతి లైసెన్సులోనే రాసి ఉంది.

నన్ను అడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనది ఆ రాతపూర్వక అనుమతే. 2001లో అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల సామగ్రిని ప్రపంచానికి తెరుస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి అనుమతిని ముందే రాసి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ తొలి లైసెన్సులు 2002లో వచ్చాయి. 2019లో యునెస్కో సభ్యదేశాలు ఇలాంటి బహిరంగ విద్యావనరులను ప్రోత్సహించాలనే సిఫార్సును ఆమోదించాయి. దాచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, వేరేదానితో కలుపుకోవడం, పంచుకోవడం అన్న ఐదు హక్కులూ ఉంటేనే సామగ్రి నిజంగా తెరిచి ఉన్నట్టు అంటారు అమెరికా విద్యావేత్త డేవిడ్ వైలీ. డబ్బు అడగనివన్నీ ఈ కోవలోకి రావు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు సైట్‌లో ఎవరైనా చదవొచ్చు, కానీ వాటికి కాపీరైట్ ఉంది. యూట్యూబ్ వీడియోల్లో చాలావరకు చూడటానికే ఉచితం.

అందుకే ఏదైనా తీసుకునేటప్పుడు అడుగున ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గుర్తు చూడండి. బీవై అంటే తయారుచేసినవారి పేరు చెప్పాలి. ఎస్ఏ ఉంటే మనం మార్చినదాన్నీ అవే షరతులతో పంచాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చినదాన్ని ఇతరులకు పంచకూడదు. బొమ్మలకైతే వికీమీడియా కామన్స్‌లో ప్రతి బొమ్మ కిందా ఈ వివరాలుంటాయి.

ఈ విషయంలో మన టీచర్ల వాట్సాప్ గ్రూపుల తీరు నాకు బాధ కలిగిస్తుంది. ఎవరో రాత్రిళ్లు కూర్చుని తయారుచేసిన వర్క్‌షీట్ పేరు చెరిపేసుకుని తిరుగుతుంటుంది. ఏ ఏడాదిదో, ఏ సిలబస్‌దో, ఎవరు రాశారో తెలియదు. అందులో తప్పు దొరికితే ఎవరికి చెప్పాలి? సవరించిన ప్రతి ఎక్కడుంటుంది? పేరు, మూలం, తేదీ రాయడం తయారుచేసిన మనిషికి ఇచ్చే గౌరవం. అంతకు మించి, తర్వాత వాడబోయే టీచరుకు భద్రత. ఆ మూడూ లేని కాగితాన్ని ఎంత బాగున్నా సరిచూడకుండా పిల్లల చేతికి ఇవ్వను.

ఇంగ్లీషులో ఉన్నంత సామగ్రి తెలుగులో లేదని అందరం అంటుంటాం. నిజమే. కానీ ఆ లోటు తీర్చగలవాళ్లు మనమే. మన పిల్లలు ఎక్కడ తడబడతారో తెలిసింది మనకే. కొలరాడోలో కూర్చుని సిమ్యులేషన్ రాసినవారు మంచి పరికరం ఇవ్వగలరు. దానికి మన తరగతి కొలతలు తీసి, రెడీమేడ్ చొక్కాను దర్జీ సరిచేసినట్టు సరిచేయాల్సింది మనం. ఊహ రాయించే ఒక ప్రశ్న, పరిశీలనలు నింపే ఒక పట్టిక, చివర్లో చర్చించాల్సిన ఒక సందేహం. ఒక పేజీ వర్క్‌షీట్ చాలు. దాన్ని తెలుగులో టైపు చేసి, కింద మన పేరు, ఆధారపడిన సామగ్రి పేరు, లైసెన్సు, తేదీ రాసి పంచితే పక్క మండలంలోని టీచరు దాన్ని ఇంకాస్త బాగుచేస్తారు.

వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌కు వెళ్లేటప్పుడు ప్రతి టీచరూ తన తరగతి పిల్లలు ఈ నెలలో తరచుగా చెప్పిన తప్పు జవాబు ఒకటి, దాన్ని సరిదిద్దడానికి పనికొచ్చిన సామగ్రి ఒకటి తీసుకెళ్లాలని కోరుతున్నాను. వెతకడం ఒంటరి పనిగా ఉన్నంతకాలం ప్రతి ఏటా మొదటి నుంచి వెతుక్కుంటూనే ఉంటాం. దొరికినదాన్ని సరిచేసి, పేరు పెట్టి పంచుకుంటే కొత్తగా ఉద్యోగంలో చేరే టీచరు మనం ఆగిన చోటు నుంచి మొదలుపెట్టగలుగుతారు.