బొమ్మలపెట్టె వశీకరణము

అమెరికా, కెనడా దేశములయందు కొద్దిపాటి ధనముతో నిర్మింపబడి, గౌరవనీయులగు విమర్శకుల యాదరమునకు చిరకాలము నోచుకొనక, యువజనుల యభిమానము వలననే బ్రతికిన చలనచిత్రములు కొన్ని గలవు. శాస్త్రకల్పనయు బీభత్సమును వీనియందు కలగలిసి యుండును. కథలు వేరైనను బీజ మొక్కటియే: ఇంటిలోని టెలివిజను పెట్టెనుండి వెలువడు ఏదో సంకేతము చూచువారి చిత్తమును పట్టుకొని తన యిష్టము వచ్చినట్లాడించును. ఇవి రోతవి యనియు, పసివారి కథల వంటివనియు పెద్దలు తీర్పు చెప్పుచుందురు. మొదటి మాట కొంతవరకు నిజమే. రెండవ మాటను మేమంగీకరింపజాలము. మనుష్యుడు పరుల చేతిలో బొమ్మయగునప్పుడు ఆ నేరమెవరిది? పెట్టెదా, పెట్టె వెనుకనున్నవానిదా, పెట్టె ముందర కూర్చున్నవానిదా? ఈ ప్రశ్న పసివారిది కాదు. మొదటి ఇద్దరిని తిట్టి ఊరకుండిన చిత్రములు పెక్కులు. మూడవవాని జోలికి పోయినవి కొన్ని మాత్రమే. వానినే మే మిచ్చట ముఖ్యముగా పరిశీలింపబూనితిమి.

ఈ తెగకు పాతదైన యొక యుదాహరణము 'ది ట్వాంకీ'. హెన్రీ కట్నర్, సి. ఎల్. మూర్ దంపతులు మారుపేరుతో 1942లో ప్రకటించిన కథ దీనికి మూలము. కథలో ఇల్లు చొచ్చిన మాయాపరికరము రేడియోయు గ్రామఫోనును కూడిన పెట్టె. 1953లో ఆర్చ్ ఒబోలర్ దానిని చిత్రముగా తీయునప్పటికి రేడియోపెట్టె కాస్త టెలివిజను పెట్టె యయ్యెను. ఒబోలర్ రేడియో నాటకములవలన పేరుగన్నవాడు. తన వృత్తిని మ్రింగవచ్చిన క్రొత్త యంత్రముపై ఆయనకుగల కసి చిత్రమందు దాగలేదు. ఆ పెట్టె యొక ఆచార్యుని సిగరెట్టు వెలిగించును, పాత్రలు తోమును, పిమ్మట ఆయన యేమి చదువవలెనో కూడ తానే నిర్ణయించును. హాస్యము మొద్దుబారినది, కథనడక కుంటిది. అయినను సేవకుడై వచ్చి యజమానియగు వస్తువును మొదటనే గుర్తించిన గౌరవము దీనికి దక్కవలెను.

ఇట్టి కథలు మన దేశమున పుట్టకపోవుటకు కారణము కొంత ఊహింపవచ్చును. 1975 ఆగస్టు మొదలు 1976 జులై వరకు అమెరికావారి కృత్రిమ ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగినవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. వ్యవసాయము, ఆరోగ్యము, పిల్లల చదువు, ఇవి ఆ ప్రసారముల విషయములు. మన పల్లెలలో ననేకులకు ఆ పెట్టె తొలిసారి పంతులుగా కనబడెను. అమెరికాలో నది మొదటినుండియు వర్తకుడుగా వచ్చెను. పంతులు విసుగు పుట్టింపవచ్చునుగాని భయము పుట్టించుట యరుదు. ఇంటి నట్టింట కూర్చుండి, బిడ్డలతో నేరుగ మాటలాడి, రేయింబవళ్ళు సరకులమ్ము వర్తకునిజూచి భయపడుట వింతకాదు.

ఆ భయమునకు శాస్త్రపు ముసుగు తొడిగినవాడు జేమ్స్ వికరీ. న్యూజెర్సీలోని ఫోర్ట్‌లీ పట్టణపు సినిమాహాలులో, కంటికి తెలియనంత స్వల్పకాలము తెరపై పానీయము త్రాగుడనియు, మొక్కజొన్న పేలాలు తినుడనియు నక్షరములు మెరపించితిననియు, దానిచేత పేలాల యమ్మకము సగమునకు పైగా పెరిగెననియు నాతడు 1957లో చాటెను. దేశమెల్ల గగ్గోలెత్తెను. 1962లో నాతడే ఆ ప్రయోగము పస లేనిదని యొప్పుకొనెను. కాని యొప్పుకోలు విన్నవారు కొందరు, మొదటి బొంకు విన్నవారు కోట్లు. మే మిచ్చట చర్చించు చిత్రములలో ననేకము ఆ బొంకునకు మనుమలని చెప్పదగును.

1982లో టామీ లీ వాలెస్ తీసిన 'హాలోవీన్ 3' వ్యయము సుమారు 25 లక్షల డాలర్లు. కాలిఫోర్నియాలో నొక కల్పిత గ్రామమున నున్న కర్మాగారము పిల్లలకు పండుగ ముసుగులు చేసి యమ్మును. ప్రతి ముసుగునందును ప్రాచీన శిలాఖండపు రజను పొదిగిన చిన్న యంత్రభాగముండును. పండుగ రాత్రి టెలివిజనులో నొక ప్రకటన వచ్చును. ముసుగులు ధరించి దానిని చూచు బిడ్డలందరు చత్తురు. ఇంగ్లండునుండి మొదటి ప్రతి వ్రాసి యిచ్చిన నైజెల్ నీల్, పిమ్మట చేర్చిన హింస తనకు నచ్చక, తన పేరు తీసివేయించుకొనెను. ఆయన విరక్తికి కారణము లేకపోలేదు. శిలల మంత్రమును, విద్యుద్యంత్రమును అతికిన అతుకు ఎవరికైనను కనబడును.

అయినను ఈ చిత్రమందొక ఘట్టము మమ్ము విడువకున్నది. దేశమునందెల్ల ఆ ముసుగులను అధికముగా నమ్మిన వర్తకుని, భార్యాపుత్ర సమేతముగా, కర్మాగారమువారు సన్మానము పేర పిలిపింతురు. వారిని కుర్చీలు, టెలివిజను అమర్చిన గదిలో కూర్చుండబెట్టుదురు. ప్రకటన మొదలగును. గుమ్మడికాయ ముసుగు ధరించిన బాలుడు తల పట్టుకొని నేల గూలును. ముసుగునుండి పురుగులును పాములును వెలువడును. ఆ ముసుగులను వేనవేలుగా పరుల బిడ్డలకు అంటగట్టినవాడు ఆ తండ్రియే! దర్శకుడు దీనిని గూర్చి ఒక్క వ్యాఖ్యయు చేయక ముందునకు సాగిపోవును. గొప్ప చిత్రములు కూడ ఇంతటి నిగ్రహము చూపుట యరుదు.

ఆ కాలపు చరిత్ర తెలిసినవారికి ఈ ఘట్టము కేవలము కల్పనగా తోచదు. పసిబిడ్డలనుద్దేశించిన ప్రకటనలను నిషేధింపవలెనని 1978లో అమెరికా వర్తక సంఘపర్యవేక్షణ శాఖ వారు ప్రతిపాదించిరి. 1980లో ఆ దేశపు శాసనసభ ఆ శాఖ చేతులు కట్టివేసెను. టెలివిజను అనగా బొమ్మలు చూపు రొట్టెకాల్పు యంత్రమే గదా యని ప్రసారముల నియంత్రణ శాఖాధ్యక్షుడు మార్క్ ఫౌలర్ 1981లో సెలవిచ్చెను. ప్రకటనల కాలమునకు గల హద్దులను 1984లో ఆ శాఖయే తీసివేసెను. 1990 నాటి చట్టముచేత పిల్లల కార్యక్రమములయందు హద్దులు మరల వచ్చినవి. మాంత్రికుడు లేకయే జరిగిన పని యిది.

కెనడా దేశీయుడగు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ 1983లో విడుదల చేసిన 'విడియోడ్రోమ్' ఇంకను జంకు పుట్టించును. దీనిని పిల్లలున్న యింట చూడదగదని మేము మొదటనే హెచ్చరించుచున్నాము. నాయకుని కడుపు చీలి నోరువలె తెరచుకొనుటయు, దానిలో విడియో క్యాసెట్టు దూర్చుటయు సుకుమార హృదయులు సహింపజాలరు. మాక్స్ రెన్ అనువాడు టొరంటోలో నొక చిన్న ప్రసారకేంద్రము నడపుచు, అశ్లీలమును హింసయు అమ్మి బ్రతుకుచుండును. అవి జనుల దుర్వాంఛలకు నిరపాయమగు మార్గము చూపునని సభలలో సమర్థించుకొనును. కథలేని కేవల చిత్రహింసగల యొక రహస్య ప్రసార మాతని కంటబడును. దానిలోని సంకేతము మెదడున కంతిని పుట్టించి, భ్రమలు గొల్పి, తుదకాతనిని హంతకుని చేయును.

ఇంతవరకు మామూలు వశీకరణమే. కాని కుట్రదారులు తుదకు మాక్సును పట్టుకొని యడుగు ప్రశ్న వేరు: ఇంత నీచమైన ప్రదర్శనము నీవేల చూచితివి? వ్యాపారము కొరకని యాతడు బదులు చెప్పును. సరే, తక్కిన కారణములేవి యని వారు మరల నడుగుదురు. మాక్సు బదులు చెప్పలేడు. చూచువాడు నోరు మెదపలేని యీ క్షణమందు చిత్రము ఎత్తున కెక్కినదని మా యభిప్రాయము. మరియొక సంగతి మాబోటి పత్రికల వారికి చురుకు తగిలించును. ఆ కుట్రదారులు తమ్ము తాము దేశోద్ధారకులుగా భావించుకొనువారు. జాతి మెత్తబడినదనియు, ఇట్టి రోతను కోరువారిని రోతచేతనే రూపుమాపి జాతిని శుద్ధి చేయవలెననియు వారి వాదము. శుద్ధి చేయుదుమనువాని చేతిలోని ఆయుధమును గూడ చూడవలెనని సంస్కరణప్రియులకు చెప్పు బీభత్సచిత్రము మాకు వేరొకటి తెలియదు.

1988 నవంబరులో జాన్ కార్పెంటర్ తీసిన 'దే లివ్' వెలువడెను. రే నెల్సన్ 1963లో వ్రాసిన చిన్నకథ దీనికి మూలము. నాయకుడు ఇల్లువాకిలి లేని కూలివాడు. ఆ పాత్రధారి రాడీ పైపర్ వృత్తిచేత మల్లుడు. లాస్ ఏంజెలెస్ నగరమున నొక నల్లని కండ్లద్దముల జత వాని చేత చిక్కును. అవి ధరించి చూచినంతనే వీధిలోని ప్రకటనల రంగులు పోయి, విధేయుడవు కమ్ము, కొనుము, నిద్రపొమ్ము అను నాజ్ఞలు నల్లని యక్షరములలో కనబడును. ధనికులలో పలువురు గ్రహాంతరవాసులని తేలును. వారి నిజరూపమును మరుగుపరచునది టెలివిజను కేంద్రమునుండి వెలువడు సంకేతము. కండ్లద్దములు ధరించినప్పుడు లోకము నలుపు తెలుపులలో కనబడుట పాత చవక చిత్రములను జ్ఞప్తికి దెచ్చును. బీదతనమునే గుణముగా మార్చుకొను నేర్పు కార్పెంటరునకు గలదు.

ఈ చిత్రమందు ప్రసిద్ధమైనది సందులోని కుస్తీ. నాయకుడు తన మిత్రుడగు ఫ్రాంకును కండ్లద్దములు పెట్టుకొనుమని వేడుకొనును. ఫ్రాంకు వలదనును. ఇరువురు ఐదు నిమిషములకు పైగా కొట్టుకొందురు. ఇది హాస్యాస్పదమనియు, మల్లుని కీర్తికొరకు పొడిగించినదనియు పలువురు నవ్విరి. మాకట్లు తోచలేదు. ఫ్రాంకు పిరికివాడు కాడు. ఆతని భార్యాబిడ్డలు దూరమందలి డెట్రాయిటులో నున్నారు. కూలి పోయినచో వారికి కూడులేదు. నిజము తెలిసిన పిదప ఊరకుండుట కష్టమని యెరిగియే యాతడు చూడనొల్లకున్నాడు. బాల్యవివాహములను గూర్చియో, కట్నములను గూర్చియో ఇంటిపెద్దలతో వాదించినవారెవరైనను ఈ కుస్తీ నిడివిని తప్పుపట్టరని మా నమ్మకము. ఒక్క రూఢికై యేండ్ల తరబడి పెనగులాడిన కుటుంబములను మేమెరుగుదుము. ఐదు నిమిషములు క్లుప్తమే.

ఇదే చిత్రమున మరియొక పాత్ర గలదు. మొదట నతడు బీదల గుడిసెల నడుమ ఆరుబయట టెలివిజను చూచుచు, ప్రసారమునకు అడ్డుతగిలి నిజము చెప్పబోవువానిని విసుగుకొనువాడు. తుదకు నతడే మేలి దుస్తులు ధరించి, గ్రహాంతరవాసుల విందులో నతిథియై కనబడును. వానికి మాయతెర తొలగినది, అన్నియు తెలియును, తెలిసియే చేరినాడు. వీనికి సంకేతమేల?

ఇంతటి మంచి సంగతులు చూపిన కార్పెంటరు ముగింపునందు తొట్రుపడెను. నాయకుడు మేడపై నున్న ప్రసారయంత్రమును పగులగొట్టి చచ్చును; తోడనే మారువేషములెల్ల ఊడి, లోకము మేలుకొనును. యంత్రము పగిలినచో మాయ పోవుననుట ఫ్రాంకును, విందునకు వచ్చినవానిని మరచిన మాట. ఈ తొట్రుపాటునకు శిక్ష యాలస్యముగా వచ్చినది. మనుష్య వేషమున మనలో దాగియున్న పరాయివారే సర్వమును నడుపుచున్నారను కథను యూదద్వేషులు తమదిగా చేసికొని, ఆ గ్రహాంతరవాసులు యూదులేయని ప్రచారము చేసిరి. 2017 జనవరిలో కార్పెంటరే దీనిని ఖండించి, తాను తీసినది కొత్తగా ధనము మరిగిన యువోద్యోగులను, పగ్గములేని పెట్టుబడిదారీ విధానమును గూర్చి యనియు, యూదులను గూర్చిన ఆ మాట పచ్చి యపనింద యనియు ప్రకటింపవలసి వచ్చెను. ఆయన యుద్దేశము శుద్ధమే. ఆయన వేసిన అచ్చులో మాత్రము ఎవరు కోరిన ముఖమును వారు పోసికొనవచ్చును. మన పల్లెలలో బిడ్డకు జ్వరము వచ్చినను, గొడ్డు చచ్చినను చేతబడియో బాణామతియో యని, దిక్కులేని ముసలిదానిపై పడి హింసించిన యుదంతములు లేవా? అచ్చట గూడ దుఃఖము నిజమైనదే. వేలు చూపిన దిక్కే తప్పు.

ఈ తప్పునుండి చాలవరకు తప్పించుకొన్నది 2007లో వెలువడిన 'ది సిగ్నల్'. డేవిడ్ బ్రక్నర్, డాన్ బుష్, జేకబ్ జెంట్రీ అను మువ్వురు కేవలము 50,000 డాలర్లతో అట్లాంటా నగరమున దీనిని నిర్మించిరి. కథను మూడు భాగములు చేసి తలకొక భాగము తీసిరి. రెండవ భాగమందలి వికటహాస్యము తక్కినవానితో పొసగదని కొందరందురు, మాకు నచ్చినది. టెలివిజనుల నుండియు, టెలిఫోనుల నుండియు నేదో ధ్వని వచ్చును, జనులు చంపుకొనజొత్తురు. ఆ ధ్వనిని పంపినదెవరో చిత్రము చెప్పదు. దాగియున్న శత్రువునకు ముఖమేలేదు గనుక ఎవరును తమకిష్టములేని జాతివారి ముఖమును దానికి తగిలింపజాలరు.

ఆ ధ్వని మనుష్యునిలో క్రొత్తదానిని పుట్టించుట లేదు. ఉన్నదానికే కట్లు విప్పుచున్నది. కథానాయిక మాయా యొక ప్రియుని ఇంటినుండి తన ఇంటికి వచ్చుసరికి ఆమె భర్త లూయిస్ మిత్రులతో టెలివిజను ముందర కూర్చుండి యుండును. ఎక్కడికి పోయితివని యడుగును. ఆ యడుగుటలో కేకయు లేదు, కోపమును లేదు. పిమ్మట నతడు బంతియాట కర్ర యెత్తి మిత్రుని మోది చంపును. నగరమంతట శవములు తొక్కుకొనుచు భార్యను వెదకికొనిపోవును. దారిలో నెవరు కనబడినను తాను చేయునదంతయు ఆమెపైగల ప్రేమచేతనే యని మర్యాదగా, శాంతముగా చెప్పుకొనును. సంకేతము సోకకముందు అతడు ఆమెతో మాటలాడిన కంఠస్వరమును, ఈ స్వరమును వేరుపరచి చూపుట చూచువారికి సాధ్యము కాదు.