బంగళా దొరది, చేతులెవరివి?

అమెరికా దక్షిణాది రాష్ట్రం లూసియానాలో, బాటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా మిసిసిపీ నది గట్ల వెంబడి పాత చెరకు తోటల దొరల బంగళాలున్నాయి. తెల్లటి స్తంభాలు, ఓక్ చెట్ల నీడలు. వీటిని చారిత్రక కట్టడాలంటారు. టికెట్ పెట్టి చూపిస్తారు, పెళ్లిళ్లకు అద్దెకిస్తారు. కట్టడాలను కాపాడొద్దని మేం అనం. మా పేచీ ఒక్కటే. కట్టించినవాడి పేరు మిగిలింది, కట్టినవాళ్ల పేర్లెక్కడ?

నాటోవే బంగళా 1859లో పూర్తయింది. దాని యజమాని జాన్ రాండాల్ఫ్ కింద 1860 నాటికి 155 మంది బానిసలున్నారు. తర్వాత అది రిసార్టయింది, పెళ్లి మండపమయింది. 2025 మే 15న కాలిపోయింది. వారసత్వ సంపద పోయిందని కొందరు బాధపడ్డారు. పీడ వదిలిందని నల్లజాతివాళ్లు చాలామంది సంబరపడ్డారు. ఆ సంబరాన్ని ఉత్త కసి అని కొట్టిపారేయడం తేలిక. ఒకే మంట ఇద్దరికి రెండు రకాలుగా ఎందుకు కనబడిందో అడగాలి గదా! అయితే ఒక మాట. కాలిన ఇల్లు సాక్ష్యం కూడా చెప్పలేదు.

ఓక్ ఆలీ తోటలో ఆంత్వాన్ అనే బానిస తోటమాలి 1846-47 చలికాలంలో 16 పీకాన్ చెట్లకు అంటుకట్టాడు. ఆ కాయలు 1876లో ఫిలడెల్ఫియా శతవార్షిక ప్రదర్శనలో మెప్పు పొందాయి. రకానికి 'సెంటెనియల్' అని పేరు పెట్టారు. ఉత్సవం పేరు కాయకొచ్చింది, అంటుకట్టిన మనిషి పేరు రాలేదు. ఇప్పుడక్కడ బానిసల గుడిసెలు తిరిగి కట్టి చూపిస్తున్నారు. మంచిదే. బంగళాకు అది తోకగా మిగిలితే మాత్రం చాలదు.

2014 డిసెంబరులో తెరిచిన విట్నీ తోట కథను బానిసల వైపు నుంచి మొదలుపెట్టింది. లూసియానాలో బానిసలుగా బతికిన 1,07,000 మంది పేర్లు అక్కడ రాళ్ల మీద చెక్కారు. దానికి డబ్బు పెట్టింది జాన్ కమింగ్స్ అనే తెల్ల లాయరు. 2019లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించాడు. ఆయన మంచితనం సరే. కానీ మన జ్ఞాపకం ఇంకొకడి మంచితనం మీద ఆధారపడాలా?

దీనికి జవాబు వుడ్‌లాండ్ తోటలో కనబడుతుంది. 1811 జనవరి 8న చార్లెస్ డెలాండ్ నాయకత్వంలో బానిసల తిరుగుబాటు మొదలైంది అక్కడే. కొద్దిరోజుల్లో అణిచేశారు, తలలు నరికి నది గట్టున గుంజలకు గుచ్చారు. 2024లో ఆ తోటను జాయ్ బ్యానర్, జో బ్యానర్ అనే అక్కచెల్లెళ్లు కొన్నారు. వాళ్లు బానిసల వారసులు. వాలెస్ ఊళ్లో తలపెట్టిన ధాన్యపు టెర్మినల్‌ మీద కూడా పోరాడారు. 2024 ఆగస్టులో కంపెనీ వెనక్కి తగ్గింది. పాత తోటల నేల మీద ఇప్పుడు పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలు నిలిచాయి. ఆ పట్టీని జనం 'క్యాన్సర్ వీధి' అంటారు. చచ్చినవాళ్ల పేర్లు కాపాడటం, బతికున్నవాళ్ల ఊపిరి కాపాడటం వాళ్లకు ఒకటే పని.

ఇదంతా మనకెందుకు అనకండి. ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వం రద్దు చేసిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. అంబేడ్కర్ 1946లో డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. వెట్టీ, బానిసత్వం అచ్చంగా ఒకటని మేం చెప్పడం లేదు. తెలంగాణ గడీల ముందు నిలబడి 'ఎంత గొప్ప కట్టడం' అనేవాళ్ల నోట కూడా వెట్టి చేసినోళ్ల ఊసు రాదు, అంతే.

పేర్లు దొరకవంటారా? ఆ లక్షా ఏడువేల పేర్లను చరిత్రకారిణి గ్వెండొలిన్ మిడ్లో హాల్ దొరల అమ్మకం కాగితాల్లోంచి, ఆస్తి జాబితాల్లోంచే ఏరి తీసింది. మన దొరలూ లెక్కలు రాయించుకున్నవాళ్లే. ఆ దస్త్రాలు ఎవరు తెరుస్తారు?