తల్లి మారితే, తండ్రి మారితే

గర్భిణిని గ్రహణం వేళ కత్తిపీట ముట్టనివ్వరు. ముట్టుకుంటే బిడ్డకు మొర్రి వస్తుందని మన ఇళ్లలో భయం. గ్రహణం మొర్రి అన్న పేరు అలా వచ్చిందే. పెదవి మాట అటుంచి, నోటి లోపలి అంగిలి ఎందుకు చీలుతుందో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో క్లార్క్ ఫ్రేజర్ చిట్టెలుకలను అడిగాడు. ఆయన అడిగిన తీరు చూడండి.

కార్టిసోన్ అప్పటికి కొత్త మందు. కీళ్లవాతంతో మంచం పట్టినవాళ్లను లేపి నడిపించిందని పేరు. దాని వెనకున్న ముగ్గురికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఫ్రేజర్, ప్లాస్టిక్ సర్జన్ హామిల్టన్ బాక్స్‌టర్ కలిసి, ఈ మందు ఇచ్చిన చూడి ఎలుకలకు అంగిలి చీలిన పిల్లలు పుడుతున్నాయని ప్రకటించారు.

మందు చెడ్డదని చెప్పి ఊరుకోవచ్చు. ఫ్రేజర్ ఊరుకోలేదు. ఒకే మోతాదు రెండు జాతులకు ఇచ్చి చూశాడు. ‘ఎ’ అనే తెల్లజాతిలో దాదాపు పిల్లలన్నిటికీ చీలిక. ‘సి57’ అనే నల్లజాతిలో అయిదింట ఒకదానికే. తర్వాత ఆ రెండింటికీ జత కట్టించాడు, అదీ రెండు వైపులా. నాకు ముచ్చటేసేది ఇక్కడే. తల్లి ‘ఎ’, తండ్రి ‘సి57’ అయితే చీలిక సుమారు 43 శాతం. తల్లిని తండ్రిని తారుమారు చేస్తే సుమారు 4. రెండు కాన్పుల్లోనూ పిల్లల వారసత్వం దాదాపు ఒకటే, మారింది మోసిన కడుపు. పోనీ అంతా తల్లిదేనా అంటే అదీ కాదు: అదే ‘ఎ’ తల్లి కడుపులో తండ్రి మారేసరికి దాదాపు నూటికి నూరు కాస్తా 43కు దిగింది! పైసా ఖర్చు లేని మార్పిడితో మందునూ తల్లినీ పిల్లనూ విడదీసి చూపించాడు.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? పిండం నోట్లో అంగిలి రెండు రెక్కలుగా మొదలవుతుంది. అవి మొదట నాలుకకు అటూ ఇటూ నిలువుగా వేలాడుతుంటాయి. ఎలుకలో పద్నాలుగు, పదిహేను రోజుల ప్రాంతంలో నాలుక మీదికి లేచి, అడ్డంగా సాగి, నడిమధ్య అతుక్కుంటాయి. ఫ్రేజర్‌తో కలిసి బ్రూస్ వాకర్ 1956లో ఈ కదలికను ఓపిగ్గా గుర్తించాడు. కార్టిసోన్ రెక్కలను కోసేయదు, లేవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఈలోగా తల వెడల్పవుతుంది, రెక్కలు చివరికి లేచినా ఒకదాన్నొకటి అందుకోలేవు. ‘ఎ’ జాతిలో అవి మందు లేకపోయినా కాస్త ఆలస్యంగానే లేస్తాయి. వాటికి గడువు ముందే తక్కువన్నమాట.

నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం గర్భిణికి ఇచ్చే బీటామెథసోన్ కూడా కార్టిసోన్‌లాగే స్టెరాయిడే. కానీ మనిషి బిడ్డకు అంగిలి పన్నెండో వారానికల్లా మూసుకుంటుంది. ఆ సూది వేసేది అది మూసుకున్న చాలా వారాల తర్వాత.